పైకి చదివే మనిషి కోసం ఒక పేజీ

నాకు ముక్కు మీద కోపం. గొప్పకి చెప్పుకోవడం లేదు, ముందే చెప్పేస్తే వినేవాళ్లకి సుఖమని చెబుతున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో విజయవాడలో వెబ్‌సైట్లు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో పనిచేసేదాన్ని. మేడ మీద రెండు గదులు, కింద ఆటో స్పేర్‌పార్టుల కొట్టు. కోచింగ్ కాలేజీలకీ, హోటళ్లకీ, కల్యాణ మండపాలకీ సైట్లు చేసిపెట్టేవాళ్లం. పేజీ తెరవగానే అక్షరాలు ఎగరాలి, పూలు తిరగాలి, సన్నాయి మోగాలి. ఊరంతా అదే పిచ్చి.

అలాంటి రోజుల్లో మొగుళ్ల చేతుల్లో దెబ్బలు తినే ఆడవాళ్లకి సాయంచేసే ఒక సంస్థ మాకు పని ఇచ్చింది. ఆ సంస్థ తరఫున వచ్చిన ఆవిడ లాయరు. గంజి పెట్టిన నేత చీర, చేతిలో ఫైలు, మాట చాలా మర్యాద. సైటులో ఏం రాయాలో ఆవిడే రాసుకొచ్చారు. నా చేతికిచ్చి, "ఒక్క అక్షరం కూడా మార్చకండి, చట్టం కదా" అన్నారు.

చదివాను. "గృహ హింసకు గురియగుచున్న బాధిత మహిళలు తమకు లభ్యమగు చట్టపరమైన ఉపశమనములు మరియు తాత్కాలిక ఆశ్రయ వసతి వివరములకై సంబంధిత అధికారిని సంప్రదించవలెను." ఒకటే వాక్యం. చివరికొచ్చేసరికి నాకే మొదలేంటో గుర్తులేదు.

"ఇదెవరు చదవాలండీ?" అన్నాను.

"బాధిత మహిళలేనమ్మా."

"వాళ్లకున్న బాధ చాలదాండీ?"

ఆవిడ నొచ్చుకున్నారు. "చదువు రానివాళ్లు ఎలాగూ ఇంటర్నెట్ చూడరు కదమ్మా" అన్నారు మెల్లగా. ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. చదువు వచ్చినవాళ్లూ రానివాళ్లూ అని మనుషులు రెండే రకాలైతే ఇంకేం! మధ్యలో బోలెడుమంది ఉన్నారు. బస్సు బోర్డు కూడబలుక్కుంటారు, సినిమా పోస్టరు చదివేస్తారు, కరెంటు ఆఫీసు నోటీసు దగ్గరకొచ్చేసరికి చతికిలబడతారు. అలాంటివాళ్లకి అక్షరాలు దిద్దించిందాన్నే నేను. ఆ మాట గట్టిగానే అన్నాను. మా ఆఫీసు ఓనరు గారు పక్కగదిలోంచి రెండుసార్లు దగ్గారు.

నాది కంకిపాడు. తొంభైల మొదట్లో, డిగ్రీ చదివే రోజుల్లో, సాయంత్రం పూట బడి వరండాలో పెద్దవాళ్లకి చదువు చెప్పేదాన్ని. వచ్చేవాళ్లంతా ఆడవాళ్లే. కూలికెళ్లి వచ్చినవాళ్లు, పాలు పోసేవాళ్లు, చేపలమ్మేవాళ్లు. ఒక్కటే పద్ధతి: నేను బోర్డు మీద రాసి పైకి చదవాలి, వాళ్లంతా కలిసి పైకి చదవాలి. గొంతు వినపడకపోతే కునికిపాట్లు పడుతున్నట్టే లెక్క. "నోరు తెరవండమ్మా, గట్టిగా!" అని అరిచేదాన్ని. అక్కడే కాదు, ఏ ఊళ్లో చూసినా పెద్దవాళ్ల చదువు అలాగే నడిచేది. వాళ్లకి చదవడమంటే నోటిపని. కళ్లు అక్షరాన్ని పట్టుకుంటే నోరు దాన్ని బయటికి లాగాలి, చెవి వినాలి, అప్పుడుగానీ బుర్రకెక్కదు.

వాళ్లలో అందరికంటే పెద్ద గొంతు చేపలక్కది. ఆవిడ పుట్టిల్లు కొల్లేటి ఒడ్డున, చేపలు పట్టే ఇల్లు. కంకిపాడులో కాపురం. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఒక్కో అక్షరాన్నీ సాగదీసి, వేలు పెట్టి తోసుకుంటూ చదివేది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి నవ్వేవాళ్లు. ఆవిడ లెక్కచేసేది కాదు.

ఒక సాయంత్రం ఆవిడ మొగుడు వరండాలోకి వచ్చాడు. చేపల ట్రక్కు ఆటో నడిపేవాడు, మనిషి సన్నగా ఉన్నా చెయ్యి ఇనుము. ఆవిడ చేతిలో పలక లాక్కుని ఆ పలకతోనే నెత్తిన కొట్టాడు. పలక ముక్కలైంది, చెక్క చట్రం వాడి చేతిలో మిగిలింది. రెండో దెబ్బ ఆ చట్రంతో వేశాడు. "ఊరందరికీ వినపడేట్టు ఏం అరుస్తన్నావే? నీ గొంతు బజారున పెడతావా?" అన్నాడు. నేను బోర్డు తుడిచే డస్టరు తీసి వాడి మొహాన కొట్టాను. కనుబొమ్మ చిట్లింది. పెద్దమనుషులు వచ్చి నన్నే తిట్టారు, పెళ్లికావలసిన పిల్లవి నీకెందుకమ్మా ఈ గొడవలని. మర్నాడు చేపలక్క తలకి గుడ్డ కట్టుకుని వచ్చి మొదటి వరసలో కూచుంది. ఆ రోజు ఇంకా గట్టిగా చదివింది. ఆవిడంటే నాకు ఇష్టం అప్పుడు పుట్టింది.

తర్వాత నేను విజయవాడ వచ్చేసినా ఆదివారాలు మా అమ్మ దగ్గరికి కంకిపాడు వెళ్లేదాన్ని. మార్కెట్లో నీలం పట్టా కింద కత్తిపీట ముందేసుకుని చేపలక్క కనపడేది. అప్పటికి ఆవిడకి ఒక ఆడపిల్ల. ఒక ఆదివారం కన్ను మూసుకుపోయి ఉండేది, ఒక ఆదివారం మణికట్టు వాచి ఉండేది. అడిగితే దాచేది కాదు.

"కొట్టాడు. కొత్తా ఏంటి టీచరుగారూ? శీలావతి తీసుకోండి, బొచ్చె ఇవాళ మెత్తగా ఉంది." అంటూనే చేప తలని ఒక్క దెబ్బకి విడదీసి పక్కకి నెట్టేది. వాచిన చేత్తోనే.

"వెళ్లిపోరాదా అక్కా?"

"ఎక్కడికి?" అనేది.

లాయరుగారితో గొడవపడిన వారం, ఆ కాగితం ఈవిడకే చూపిద్దామనుకుని తీసుకెళ్లాను. బేరాలు అయిపోయాక పట్టా కింద కూచుని చదివింది. "గృ... హ... హిం... స... కు..." ప్రతి అక్షరం మార్కెట్టంతా వినపడుతోంది. పొడుగు మాట సగానికి వచ్చేసరికి మొదటి సగం జారిపోయేది, మళ్లీ మొదటికి వచ్చేది. 'ఉపశమనములు' దగ్గర ఊపిరి ఆడక ఆగిపోయింది. కాగితం నా ఒళ్లో పారేసి, "ఇది మనుషులు మాట్లాడుకునేదేనా అండీ?" అంది.

ఆ రోజునుంచి నేను మాటల్ని కోయడం మొదలుపెట్టాను. ఒక వరసకి ఒక సంగతే. ఒక మాట ఒక్క గుక్కలో అయిపోవాలి. 'భర్త' తీసేసి 'మీ ఆయన' అని రాశాను. 'సంప్రదించవలెను' తీసేసి 'ఫోన్ చెయ్యండి' అన్నాను. అక్షరం పెద్దది, వరసకీ వరసకీ మధ్య వేలు పట్టేంత చోటు. ప్రతి ఆదివారం కొత్త కాగితం తీసుకెళ్లేదాన్ని, ఆవిడ పైకి చదివేది, ఎక్కడ ఆగితే అక్కడ గీత గీసుకునేదాన్ని.

ఆవిడేమీ బుద్ధిగా చదివే రకం కాదు. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేసేది, తప్పని చెబితే నాతో దెబ్బలాటకి దిగేది. "ఇంత తెల్లగా పెడితే ఎవరు చూస్తారండీ? పైన అమ్మవారి బొమ్మ పెట్టండి, చుట్టూ లైట్లు పెట్టండి" అని ఒకటే గోల. లైట్లు పెడితే అక్షరం కనపడదక్కా అంటే, "అయితే మీ ఇష్టం, మీ సైటు బావురుమంటది" అని మూతి తిప్పేది. నాకు నవ్వు, కోపం ఒకేసారి వచ్చేవి.

ఒకసారి మాత్రం చదవడం ఆపి అడిగింది. "ఇట్టా ఫోన్ చేసి బయటికొచ్చినోళ్లు, ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారండీ?"

"దానికి ఆ సంస్థదే ఒక ఇల్లుందక్కా. అదీ రాస్తాం, కింద వస్తుంది."

"పిల్లల్ని రానిస్తారా?"

"అదీ రాస్తాం."

తల ఊపి మళ్లీ వేలు పెట్టింది. ఎవరో బేరానికి వచ్చారు, లేచింది.

లాయరుగారితో ఆఖరి యుద్ధం జరిగింది. నా వరసలన్నీ ఒప్పుకున్నారుగానీ చట్టం పేరా మాత్రం తీయనివ్వలేదు. "ఆడవాళ్లకి తమ హక్కేంటో తెలియాలి కదమ్మా" అన్నారు. అది మధ్యలో దిగబడింది. పడుకోవడానికి చోటుందన్న మాట అడుక్కి పోయింది. బల్ల గుద్దాను, టీ గ్లాసు దొర్లి ఫైలు తడిసింది, లాభం లేకపోయింది. పైగా ఆ రోజుల్లో నెట్ సెంటర్ల కంప్యూటర్లకి తెలుగు వచ్చేది కాదు. తెలుగులో రాసి పెడితే అక్కడ గళ్లు గళ్లుగా కనపడేది. అందుకని రాసినదంతా బొమ్మగా మార్చి పెట్టేవాళ్లం. ఫోను లైను మీద ఆ బొమ్మ పైనుంచి కిందికి ఒక్కో వరసే దిగేది. అడుగున ఉన్నది చూడాలంటే పైనున్నదంతా దిగేదాకా కూచోవాల్సిందే.

సైటు మొదలైన కొన్నాళ్లకి జరిగింది ఇది. మార్కెట్లో ఆవిడ కనపడక ఆరా తీస్తే నెట్ సెంటర్ ఓనరు చెప్పాడు. చెప్పాడనడం కంటే నేను కక్కించాను అనడం నయం.

కంకిపాడు బస్టాండు ఎదురుగా ఆ సెంటరు. చెక్కతో కట్టిన అరలు, తలుపుకి బదులు కర్టెను. బయట ట్రక్కు ఆటోల స్టాండు. మధ్యాహ్నం బేరాలు ముగించుకుని చేపలక్క ఒక్కతే వెళ్లింది. ఆదివారాల్లో నా దగ్గర సైటు పేరు కంఠతా పట్టింది, అది అతనికి చెప్పి తెరిపించుకుంది. చివరి అర ఇచ్చాడు. పేజీ దిగడం మొదలైంది. ఆవిడ చదవడం మొదలుపెట్టింది. తనకొచ్చిన పద్ధతిలోనే, గట్టిగా, ఒక్కో అక్షరం లాగుతూ. "మీ... ఆ... య... న... కొ... డు... తు... న్నా... డా..."

ముందు స్టాండులో వాళ్లు నవ్వుకున్నారట. ఎవరో సరదాకి ఆవిడకంటే ముందే అందించబోయారట. ఆవిడకి అదేమీ వినపడలేదు. అక్షరం పట్టుకుందంటే ఆవిడకి లోకం ఉండదు. "ఇ... ది... మీ... త... ప్పు... కా... దు." నవ్వులు ఆగిపోయాయి. ఒకడు టీ కొట్టు దగ్గరికి పరిగెత్తి మొగుణ్ణి పిలుచుకొచ్చాడు. వాడొచ్చేసరికి ఆవిడ చట్టం పేరాలో ఇరుక్కుని ఉంది. ఆ పొడుగు మాటల దగ్గర ఆగడం, వెనక్కి రావడం, మళ్లీ మొదలుపెట్టడం. అడుగున ఉన్న వరస ఇంకా దిగనేలేదు.

వాడు కర్టెను పీకేశాడు. బల్ల మీది కీబోర్డు తీసి ఆవిడ నోటి మీద కొట్టాడు. అడ్డంగా కాదు, అంచుతో. దవడ విరిగిన చప్పుడు బయటికి వినపడిందని ఓనరే చెప్పాడు. కింద పడ్డాక జుట్టు పట్టుకుని ఈడ్చాడు. వైర్లు కాళ్లకి చుట్టుకుని మానిటరు కూడా వచ్చి పడింది. "చదువు! ఇప్పుడు చదవ్వే!" అని ఒక్కో మాటకీ ఒక్కో తన్ను. స్టాండంతా నిలబడి చూసింది. ఒక్కడూ చెయ్యి అడ్డం పెట్టలేదు. చివరికి వాడే ఆవిడని తన ఆటోలో, చేపల ట్రేల మధ్య పడేసుకుని విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. ఆటోలోంచి జారిపడిందని అక్కడ రాయించాడు.

ఇదంతా చెప్పి ఓనరు, "మానిటరు పోయిందండీ, కొత్తది" అన్నాడు.

కౌంటరు మీద బిస్కెట్ల సీసా ఉంది. దాన్ని ఎత్తి నేలకేసి కొట్టాను. "ఇదీ పోయింది, రాసుకో" అన్నాను. పోలీసులకి చెబుతావా అని అడిగితే చేతులు జోడించాడు. "మాకెందుకండీ ఇదంతా. రేపు ఇదే స్టాండు ముందు బతకాలి కదండీ." స్టాండులో వాళ్లని అడిగాను. ఎవరికీ ఏమీ కనపడలేదట. నోటికొచ్చిన బూతులు తిట్టాను, మా అమ్మ వింటే చచ్చిపోయేది.

దారంతా ఏడుపొచ్చింది, ఏడవలేదు. సైటు వల్లే కదా అని తర్వాత కొందరన్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. కీబోర్డు నడిచొచ్చి కొట్టలేదు. కొట్టింది వాడు.

ఆసుపత్రిలో ఆవిణ్ణి చూశాను. పళ్లకి తీగలు చుట్టి పైదవడా కింది దవడా కలిపి బిగించేశారు. గడ్డం నుంచి నడినెత్తి దాకా కట్టు. స్ట్రా పెట్టడానికి పక్కన సందు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. మొగుడు స్టూలు మీద కూచుని ఆవిడ మణికట్టు పట్టుకుని ఉన్నాడు. చూసేవాళ్లకి ఎంత ప్రేమో అనిపిస్తుంది.

"పడిందండీ. చెప్తే వినదు, ట్రే మీద కూచుంది" అన్నాడు నాతో. కానిస్టేబులు వచ్చి వెళ్లాడట. "పడ్డావామ్మా?" అని అడిగితే ఆవిడ తల ఊపిందట. ఊపక ఏం చేస్తుంది, మణికట్టు వాడి చేతిలో ఉంటే? నేను వెళ్లబోతుంటే వాడు గొంతు తగ్గించి, "పిల్ల మా అమ్మ దగ్గరుంది. రేపు డిశ్చార్జంట. ఇంటికెళ్లాక నేను చూసుకుంటాగా" అన్నాడు. చూసుకోవడమంటే ఏంటో ముగ్గురికీ తెలుసు. ఈసారి బతకనివ్వడు. ఆవిడ తెరిచి ఉన్న కన్ను నా మీదే ఉంది.

అక్కణ్ణుంచి తిన్నగా లాయరుగారి దగ్గరికి వెళ్లి పడ్డాను. కుర్చీ తన్నాను కూడా. "మీ చట్టం దగ్గర ఆగిపోయిందండీ ఆవిడ! పడుకోవడానికి చోటుందన్న ఒక్క ముక్క చదవకుండానే దవడ విరగ్గొట్టించుకుంది!" అని అరిచాను. లాయరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇప్పుడేం రాద్దాం, మీరు చెప్పండి" అన్నారు.

సాక్ష్యం చెప్పేవాళ్లు లేరు. ఆవిడే చెప్పాలి, అదీ డాక్టరు ముందు. ఒక్కసారి చెబితే డాక్టరు దాన్ని రాసి తీరాలి, పోలీసులు మళ్లీ రావాలి, పిల్లని తెప్పించవచ్చు. కానీ ఆవిడకి నోరు లేదు, వాడు పక్కనుంచి కదలడు. మొదట ఆ చోటు తనకీ బిడ్డకీ ఈ రాత్రికే ఉందని ఆవిడకి తెలియాలి, తర్వాత ఆ మాట తనే చెప్పాలి, రెండూ నోరు తెరవకుండా.

అప్పుడు పేజీని తలకిందులు చేశాం. అడుగున ఉన్నది నెత్తిన పెట్టాం. "ఈ రాత్రి పడుకోవడానికి మీకు చోటు ఉంది. బిడ్డను తెచ్చుకోవచ్చు. ఇక్కడికి మీ ఆయన రాలేడు." కింద, "మాట్లాడలేకపోతే ఇది చూపించండి" అని రాసి, ప్రశ్నలు తీసేసి, ఆవిడ నోటి మాటలే పెట్టాం. 'మిమ్మల్ని' అని కాదు, 'నన్ను' అనే. 'బాధితురాలు' లేదు, 'సదరు మహిళ' లేదు. తర్వాత సైటులో కూడా ఆ పేజీయే నిలిచిపోయింది. ఆ పూట మాత్రం పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద ప్రింటు తీసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే లాయరుగారు మహిళా పోలీసులతో మాట్లాడి ఆసుపత్రి గేటు దగ్గర కూచున్నారు. లాయరుగారిని చూస్తే వాడు పసిగడతాడని పైకి నేనొక్కదాన్నే వెళ్లాను, ఫ్లాస్కులో జావ పట్టుకుని. కాగితం మడిచి ఫ్లాస్కు మూత కింద పెట్టాను. వాడు చూడనే చూశాడు.

"ఏంటండీ అది?"

"జావ ఎట్టా తాగించాలో రాసిచ్చారు" అన్నాను.

వాడు విప్పి అటూ ఇటూ తిప్పాడు. వాడికి చదువు రాదు. పక్క మంచం మనిషికి ఇస్తాడేమోనని చూస్తున్నాను. ఇవ్వలేదు. ఆవిడ ఒళ్లోకి విసిరేసి నవ్వాడు. "నోరు కట్టేశారుగా, ఇంకేం చదువుద్ది!"

వాడికి ఆవిడ చదువంటే ఆ గొంతే. గొంతు లేకపోతే చదువు లేనట్టే. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ క్షణంలో అలాగే అనిపించింది. అన్నేళ్లు ఆవిడ చదువుతుంటే విన్నానుగానీ చూడలేదు. ఆవిడ కాగితం ఎత్తి పట్టుకుంది. పెదవి కదలలేదు. కదిలే వీలే లేదు. గొంతులో చిన్న మూలుగైనా లేదు. వేలు పెట్టడం కూడా మానేసింది. ఆ ఒక్క కన్ను మాత్రం మొదటి వరస మీద చాలాసేపు నిలబడింది. తర్వాత కిందికి దిగింది. మళ్లీ పైకి వెళ్లింది. వాడు ఆవులించాడు.

తర్వాత కాగితం మడిచి దుప్పటి కిందికి తోసేసింది. నా వైపు చూడలేదు. అయిపోయింది, ఎక్కలేదు, భయపడింది అనుకున్నాను. నా మీద నాకే కాదు, ఆవిడ మీద కూడా కోపమొచ్చింది. లేచి చీర సర్దుకుని వెళ్లిపోతుంది వాడితో, వచ్చే ఆదివారం ఆ పట్టా కింద ఇంకెవరో కూచుంటారు అనుకున్నాను.

డాక్టరుగారు రౌండ్సుకి వచ్చారు. పెద్దాయన, చెయ్యి ఖాళీ లేని మనిషి. కట్టు చూసి, "బానే ఉందమ్మా, ఇవాళ ఇంటికి పంపించేద్దాం" అన్నారు.

"అట్టాగేనండీ, ఆటో తెచ్చానండీ" అంటూ వాడు లేచాడు. లేవడానికి ఆవిడ మణికట్టు వదిలాడు.

చేపలక్క దుప్పటి కిందినుంచి కాగితం తీసి విప్పింది. డాక్టరుగారి వైపు తిప్పి ఒక వరస కింద వేలు పెట్టింది. ఆయనకి ఏమీ తెలియదు. అంత పెద్ద అక్షరాలు కళ్ల ముందు పెట్టేసరికి మామూలుగా పైకి చదివేశారు.

"నన్ను మా ఆయన కొట్టాడు."

వాడికి ముందు అర్థం కాలేదు. ఎవరన్నారా అని చుట్టూ చూశాడు. తర్వాత కాగితం చూశాడు, దానికింద ఉన్న వేలు చూశాడు. "దొంగముం..." అంటూ మంచం మీదికి ఎగబడి కట్టు కట్టిన ఆ దవడకే చెయ్యి వేశాడు. నేను పక్కనున్న సెలైన్ స్టాండు పీకి వాడి వీపు మీద వేశాను. స్టూలుతో సహా కూలాడు. లేవబోతుంటే ఇంకోటి వేశాను. నర్సమ్మ కేకలు పెట్టింది, వార్డు వాళ్లు వచ్చి వాడి రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నారు. వాడు తన్నుకుంటూ బూతులు తిడుతూనే ఉన్నాడు. ఫ్లాస్కు పగిలి నేలంతా జావ. ఆవిడ కట్టు మీద ఎర్రగా నెత్తురు దిగుతోంది.

ఆవిడ వాడి వైపు తల తిప్పలేదు. కాగితం కింద పడకుండా పట్టుకునే ఉంది. వేలు కింది వరసకి జరిపి డాక్టరుగారి మొహంలోకి చూసింది.

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. ఈసారి నిలబడి చదివారు. "నేను ఆ ఇంటికి వెళ్లను."

వేలు మళ్లీ జరిగింది.

"నా బిడ్డను నా దగ్గరికి తెప్పించండి." అది చదివేప్పుడు ఆయన గొంతు వార్డు చివరిదాకా వినపడింది.